అతుకుపని ఎవరిది?

ఇన్నేళ్ళుగా నేను రాసిన ఉత్తరాలకు ఎవరూ జవాబివ్వలేదు. బొత్తిగా ఏమీ రాలేదని అనను. ఒకసారి అట్టముక్క ఒకటి వచ్చింది. మా ప్రదర్శన చూడవచ్చినందుకు ధన్యవాదాలు, మళ్ళీ రండి అని దాని మీద ఇంగ్లీషులో అచ్చువేసి ఉంది. నేను అడిగిందేమిటి, వాళ్ళు పంపిందేమిటి? పైగా నేను ఆ ప్రదర్శన చూడడానికి వెళ్ళినవాణ్ణి కాను. అది నిలబడిందే నేను చేసిన చెక్కపెట్టెల్లో. ఆ అట్టముక్కను పారెయ్యలేదు, దాచాను. నన్ను ఎవరు ఎప్పుడు ఎలా తీసిపారేశారో వరసగా చెప్పగలను. మావాళ్ళు దీన్ని నా జబ్బు అంటారు. కావచ్చు. కానీ ఈ ఒక్క విషయంలో జవాబు రావలసింది నాకు కాదు, మా అక్కకి. అందుకే మొదటినుంచీ చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది అప్పటికి. నేను కువైట్‌లో, సబ్హాన్‌లోని ఒక చెక్కపని షెడ్డులో పనిచేసేవాణ్ణి. దుకాణాలకు కౌంటర్లు, ఆఫీసులకు బల్లలు, ఇవే మా పని. ఒకరోజు మా ఫోర్‌మన్ కొత్తరకం డ్రాయింగులు తెచ్చి నా ముందు పరిచాడు. అద్దాల మూతలున్న పెట్టెలు, గోడకు వాలుగా నిలబెట్టే పెద్ద చట్రాలు. ఊళ్ళో ఒక మ్యూజియం హాలుకి అమెరికా నుంచి ప్రదర్శన వస్తోందట. ఆ దేశం కొత్తగా దేశమైన రోజుల్లో పేరుమోసిన ఒక పెద్ద కుటుంబం ఉండేదట. ఆ ఇంటి మగవాళ్ళు గవర్నర్లు, జడ్జీలు. వాళ్ళ సంగతి అక్కడి బడిపిల్లలందరికీ తెలుసట. ఈ ప్రదర్శన మాత్రం ఆ ఇంటి ఆడవాళ్ళ గురించి. తల్లులు, కూతుళ్ళు, కోడళ్ళు, మనవరాళ్ళు రాసుకున్న ఉత్తరాలు, ఒక వంటల పుస్తకం, కళ్ళజోళ్ళు, చేతితొడుగులు, ఎవరో చిన్నపిల్ల అక్షరాలు కుట్టిన గుడ్డ. ఇవన్నీ కువైట్ దాకా ఎందుకు తెస్తున్నారని ఫోర్‌మన్‌ని అడిగాను. "నీకు చెక్క ఇచ్చారు, చెక్క కొయ్యి" అన్నాడు. అదీ నాకు గుర్తుంది.

అయినా ఆ పని నాకు నచ్చింది. మూలల దగ్గర ఒక్క మేకు కనబడకుండా, చెక్కకు పళ్ళు కోసి, పళ్ళలో పళ్ళు దిగేట్టు కలిపాను. గోరు పెట్టి గీసినా అతుకు దొరకదు. ఇరవై ఏళ్ళలో నేను చేసినవాటిలో అంత మంచి పని లేదు.

పెట్టెలు హాలుకి చేరాక, సరుకుతోపాటు వచ్చిన అమెరికా ఆవిడను చూశాను. తల నెరిసింది. కళ్ళజోడు మెడలో తాడుకు వేలాడుతుండేది. హాలువాళ్ళు ఆవిడకు గాజుగ్లాసులో టీ ఇచ్చి, మాకు కాగితం కప్పుల్లో పోసి వెనక మెట్ల మీద తాగమన్నారు. ఆవిడ మాత్రం తన గ్లాసు పట్టుకుని మెట్ల దగ్గరికొచ్చి నిలబడింది. ఆ మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం.

ఆవిడకొక చిక్కు వచ్చింది. సరుకులో లేసు దుప్పటి ఒకటి ఉంది. మనవరాళ్ళ కాలం నాటిది. దాన్ని ఊరికే వేలాడదీస్తే దాని బరువుకి అదే చిరిగిపోతుందట. వెనక ఒక గుడ్డ పెట్టి, జాగ్రత్తగా దారంతో పట్టించి, అప్పుడు నా చట్రంలో నిలబెట్టాలి. ఆ కుట్టుపని చేసే మనిషి జబ్బుపడి రాలేకపోయింది. తనొక్కతే చెయ్యబోతే వేళ్ళు వణుకుతున్నాయి. ప్రారంభం దగ్గరపడింది. నేను మధ్యలో దూరి, మా అక్క ఈ ఊళ్ళోనే ఉంది, చేస్తుందని చెప్పాను. నన్నెవరూ అడగలేదు. నేనే చెప్పాను.

మాది నర్సాపురం దగ్గర. అక్కడ మా పేటలో ఆడవాళ్ళు పొద్దున్న పని తెమిలాక అరుగుల మీద చేరి లేసు అల్లుతారు. ఆ పనిలో రెండు రకాలు. కొక్కెం సూదితో పువ్వులు, ఆకులు అల్లేది చేతిపని. అవి నాలుగిళ్ళ నుంచి పోగుచేసి ఒక్క దుప్పటిగా కలిపేది అతుకుపని. చేతిపని చేసేవాళ్ళకి పేరుంటుంది. ఫలానావాళ్ళ పువ్వు అంటారు. అతుకుపని బాగుంటే అసలు కనబడదు కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడరు.

అక్కది ఎడమచేతివాటం. చిన్నప్పుడు చేతిపనికి కూర్చుంటే తన పువ్వు రేకలు ఎదురు తిరిగేవి. మిగతావాళ్ళ పువ్వుల పక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడేది. లేసు పోగుచేసుకుపోయే ఏజెంటు రెండుసార్లు తిప్పికొట్టాడు. మూడోసారి, "దీన్ని అతుకుపనికి కూర్చోబెట్టండి, అక్కడ ఏ చెయ్యైనా ఒకటే" అన్నాడు. అప్పటినుంచి పెళ్ళయ్యేదాకా, పెళ్ళయి మొగుడు పోయాక కువైట్ వచ్చేదాకా, అక్క అతుకుతూనే ఉంది. ఒక పువ్వు తనదని చెప్పుకున్నది లేదు.

కువైట్‌లో బ్నీద్ అల్ గార్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. ఇంటావిడను మామా అని పిలవాలంటే మొదట్లో నవ్వాపుకోలేకపోయేదట. "మన మావయ్యకి మీసాలుండేయిరా, ఈవిడకి లేవు గాని గొంతు అదే" అనేది. మామా చెడ్డమనిషి కాదు. శుక్రవారం పూట ప్రార్థనకు పంపేది. వేరే ఎక్కడికీ వెళ్ళకూడదని ఒకటే షరతు. ఇంటిపనికని ఇచ్చే ఇఖామా పర్మిట్టు మీద ఉన్న మనిషి బయట ఇంకెక్కడా పనిచెయ్యకూడదు కూడా. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అక్కను అడిగాను.

అక్క మొదట ఒప్పుకోలేదు. "ఆదివారం పోయి శుక్రవారం అయింది మన ప్రార్థన. దాన్నీ మానమంటావా?" అంది. కానీ లేసు అనగానే తన కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద కదలడం చూశాను. ఎడంచేత్తో అల్లే మనిషి కుడిచేత్తో లేసు పట్టుకుంటుంది. వేళ్ళు అప్పుడే దాన్ని తడిమి చూస్తున్నాయి.

ఆ శుక్రవారం అక్క తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచీతో సహా వచ్చింది. అమెరికా ఆవిడ తెల్లటి చేతితొడుగులు ఇచ్చింది. అక్క వేసుకుని, దుప్పటి మీద చెయ్యి పెట్టి, తీసేసింది. చేతులు మూడుసార్లు కడుక్కుని, తుడుచుకుని, ఆరబెట్టుకుని వచ్చి, ఖాళీ అరచేతులు ఆవిడకు చూపించింది. తొడుగులుంటే దారం మాట వినబడదని నాతో అంది. నేను దాన్ని ఇంగ్లీషులో ఎలాగో చెప్పాను. ఆవిడ నవ్వి, సరేనంది.

కుట్టు మొదలుపెట్టిన గంటకి అక్క ఆగింది. దుప్పటిని వెనక్కి తిప్పి, ఒకచోట వేలు పెట్టి, అక్కణ్ణుంచి అంగుళం అంగుళం జరుపుకుంటూ పోయింది. మళ్ళీ మొదటికొచ్చింది. పక్కన బల్ల మీద దుప్పటి వివరాలు అచ్చువేసిన అట్ట సిద్ధంగా ఉంది, ఇంగ్లీషులో, అరబ్బీలో.

"ఏరా, ఆ అట్ట మీద ఏం రాశారు?"

ఆ ఇంటి ఆడవాళ్ళ చేతిపని అని రాశారని చెప్పాను. ఇంకే మాట నాకు తోచలేదు. చేత్తో చేసిందనే అక్కడుంది.

"చేతిపని వాళ్ళది, సరే. మరి అతుకుపని ఎవరిది?"

అంతా వాళ్ళదేనేమో అన్నాను.

"నీకు చెక్క తెలుసు గాని దారం తెలీదురా తమ్ముడూ. పువ్వులు చేసినోళ్ళు ముగ్గురో నలుగురో ఉన్నారు, ఒకళ్ళ బిగువు ఒకళ్ళకి లేదు. అతికింది మాత్రం ఒక్కత్తే. ముళ్ళన్నీ ఎదురు తిరిగి పడ్డాయి చూడు. నాలాంటిదేరా ఇది. ఎడం చెయ్యి."

నా చెయ్యి తీసుకుని ముళ్ళ మీద పెట్టింది. నాకేమీ తెలియలేదు. తెలిసినట్టు తలూపాను.

గోడ మీద ఆ ఇంటి ఆడవాళ్ళ బొమ్మలు అప్పటికే తగిలించి ఉన్నాయి. అక్క లేచి ఒక్కొక్క బొమ్మ దగ్గరికీ వెళ్ళి చేతులు చూసింది. ఒకావిడ పుస్తకం పట్టుకుంది, ఒకావిడ కలం పట్టుకుంది. అందరిదీ కుడి చెయ్యే. వెనక్కి వచ్చి కూర్చుని, "వీళ్ళలో లేదు. ఎవరో అడగరా ఆవిణ్ణి" అంది.

నేను అడిగాను. ఎలా అడిగానో అక్షరం అక్షరం గుర్తుంది. "మేడమ్, జాయినింగ్ వర్క్, హూ?" అన్నాను. అప్పుడు నా చెయ్యి నా చట్రం మూల మీద ఉంది. పని చేసేవాడి చెయ్యి ఎక్కడో అక్కడ ఆనుకుంటుంది కదా. ఆవిడ దుప్పటి వైపు చూడలేదు. నా చేతిని చూసింది. దగ్గరికొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ మూలను వేలితో నిమిరింది. అతుకు దొరకలేదు. "యూ డిడ్" అంది. ఇంత అందమైన అతుకు తను ఎక్కడా చూడలేదని, తమ దేశంలో కూడా ఇప్పుడు ఇలా చేసేవాళ్ళు తక్కువని, నెమ్మదిగా నాకర్థమయ్యేట్టు చెప్పింది. నాకు చెయ్యి ఇచ్చింది.

నా పనిని అప్పటిదాకా ఎవరూ ఆ మాట అనలేదు. మా ఫోర్‌మన్ నా అతుకులు చూసి, ఎంతసేపు చేశావన్నాడు తప్ప ఎలా చేశావనలేదు. నేనా చెయ్యి పట్టుకుని, థాంక్యూ మేడమ్ అన్నాను. ఆవిడ పొరపాటు పడిందని అప్పటికప్పుడే నాకు తెలుసు. నేనడిగింది చెక్క గురించి కాదు. దుప్పటి వైపు వేలు చూపించి మళ్ళీ అడగాలి. ఒక్క నిమిషం పని. అడగలేదు. మళ్ళీ అడిగితే ఆ మెప్పు ఎక్కడ వెనక్కి తీసుకుంటుందోనని భయం. ఇంకోసారి అనిపించుకోవాలని ఆశ.

అక్క నా మొహం వైపు చూస్తోంది. "ఏమంది?" అని అడిగింది.

"తెలీదంట" అన్నాను.

అక్క సూదిలో దారం ఎక్కించుకుంది. సాయంత్రానికి పని అయిపోయింది. ఆవిడ అక్క పేరు అడిగి, తన పుస్తకంలో రాసుకుని, తన అడ్రసున్న కార్డు నాకిచ్చి, కృతజ్ఞతల బోర్డు మీద వేయిస్తానంది. అక్కకు ఆ మాట చెబితే, "నా పేరెందుకురా, ఎవరన్నా చూశారంటే గొడవ" అంది. నేను వినలేదు.

ప్రారంభం రోజు మమ్మల్ని అతిథులు రాకముందే వెనక గేటు నుంచి పంపేశారు. వ్యాన్ ఎక్కేటప్పుడు ముందు గేటు దగ్గర పూలకుండీలు దింపుతున్నారు. రెండు వారాల తర్వాత ఒక అద్దం మూత బిగుసుకుపోయిందని పిలిస్తే వెళ్ళాను. కృతజ్ఞతల బోర్డు చూశాను. మా షెడ్డు పేరు ఉంది. లైట్లు పెట్టినవాళ్ళ పేరు ఉంది. అక్క పేరు లేదు. అమెరికా ఆవిడ అప్పటికే వెళ్ళిపోయింది. బోర్డు ఇక్కడివాళ్ళు రాయించారు.

ఆ వారమే మామా తన చుట్టాలతో ఆ ప్రదర్శనకు వెళ్ళింది, పిల్లవాణ్ణి ఎత్తుకోవడానికి అక్కను తీసుకెళ్ళింది. అక్క ఆ సంగతి ఫోనులో నవ్వుతూ చెప్పింది. అందరూ దుప్పటి ముందు నిలబడ్డారట. ఆ కాలం ఆడవాళ్ళకు ఎంత ఓర్పో అని మామా చుట్టాలతో అందట. పిల్లవాడు అద్దం మీద చెయ్యి వెయ్యబోతే అక్క పట్టుకుందట. బోర్డు మీద పేరు లేదని నేనంటే, "వదిలెయ్యరా, నేను చూసుకున్నాను, గట్టిగా నిలబడింది, చాలు" అంది.

వదిలెయ్యడం నాకు చేతకాదు. మర్నాడే హాలు ఆఫీసుకు వెళ్ళాను. గుమస్తా ఈజిప్టు వాడు, కాగితం మీద రాసి ఇమ్మన్నాడు. రాసి ఇచ్చాను. దుప్పటి కుట్టింది ఎవరో, ఏ రోజు కుట్టిందో, ఆ మనిషి పేరేమిటో, ఏ ఇంట్లో పనిచేస్తుందో, ఆ ఇంటి ఫోను నంబరుతో సహా రాశాను. వివరాలన్నీ ఉంటేనే కదా నమ్ముతారని. నా జీవితంలో నేనిచ్చిన కాగితాలు ఎన్నో సొరుగుల్లో కుళ్ళిపోయాయి. ఈ ఒక్క కాగితాన్ని మాత్రం అతను ఆ పూటే చదివి, నిజమో కాదో కనుక్కుందామని ఆ ఇంటికి ఫోను చేశాడు.

మామా అరవలేదట. ఇంకో చోట పనిచేసినందుకు కూడా కాదట ఆవిడ బాధ. ప్రార్థన పేరు చెప్పి వెళ్ళిందని. "దేవుడి పేరు చెప్పావు నాకు" అందట. ఖలాస్ అంది. వారం తిరక్కుండా అక్క పాస్‌పోర్టు, టికెట్టు చేతికిచ్చి పంపించేసింది. నేను ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్ళాను. లోపలికి రానివ్వలేదు. తప్పు నాదని చెప్పడానికే వెళ్ళాను. అది వినడానికి ఎవరూ రాలేదు.

ఎయిర్‌పోర్టులో అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, ఎదురు చెప్పడానికి నాకేదో ఒకటి దొరికేది. లోపలికి వెళ్ళేముందు మాత్రం, "ఆవిడ అడ్రసు ఉందిగా నీకాడ, ఉత్తరం రాసి కనుక్కో. ఎవరో ఒకరికి తెలిసుంటది" అంది.

అలా మొదలయ్యాయి ఉత్తరాలు. ఇప్పుడు చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాను, మొదటి నాలుగైదు ఉత్తరాల్లో ఆ ప్రశ్నే లేదు. అవన్నీ బోర్డు మీద పేరు గురించి, వెనక గేటు గురించి, కాగితం కప్పుల గురించి రాసినవి. నా కోపం చల్లారాక గాని అక్క ప్రశ్న నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చి రాసినప్పుడు జాయినింగ్ అనే రాశాను. దానికి వచ్చిందే ఆ అట్టముక్క. తర్వాత బొమ్మ గీసి పంపాను, ముడి ఎటు తిరగాలో, ఎటు తిరిగిందో. అక్క ఊళ్ళో లేసు ముక్క మీద రెండు రకాలా ముళ్ళు వేసి పంపితే, దాన్ని కూడా కవరులో పెట్టి పంపాను. అది ఎక్కడ పడిపోయిందో.

అక్క మళ్ళీ అతుకుపనిలో కూర్చుంది. ఫోను చేసినప్పుడల్లా ఊసులన్నీ అయ్యాక, "ఏమన్నా తెలిసిందిరా?" అనేది. ఇంకా లేదే అనేవాణ్ణి. వాళ్ళ మీద నాలుగు తిట్లు తిట్టేవాణ్ణి. అక్క నవ్వేది.

మొన్న సెలవులో వెళ్ళినప్పుడు చూస్తే అక్క సూది పట్టడం మానేసింది. దారం కనబడటం లేదు. డాక్టరు ఆపరేషన్ చేసినా పెద్దగా తేడా ఉండదన్నాడట, ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోదానిలో వెలుగు మాత్రం తెలుస్తోంది. ఒళ్ళో పాత లేసు ముక్క పెట్టుకుని వేళ్ళతో తడుముతూ కూర్చుంది. నేనున్న పది రోజుల్లో ఒక్కసారి కూడా, ఏమన్నా తెలిసిందా అని అడగలేదు. బయల్దేరే రోజు నా అంతట నేనే చెప్పేశాను. ఆ రోజు ఆవిడ తెలీదని అనలేదని, నా చెక్కను మెచ్చుకుందని, నేను మళ్ళీ అడగలేదని.

"నాకు తెలుసులేరా" అంది అక్క. "నీ మొహం అట్టా వెలగటం ఎప్పుడూ చూళ్ళేదు. ఇంకెందుకులే అని ఊరుకున్నా."

"మరి ఇన్నేళ్ళూ నన్నడిగావు కదే?"

"నువ్వు వాళ్ళని అడుగుతావేమోనని."

బస్సు వచ్చింది. నేనింకేదో అనబోతే, అన్నం కారియరు సీటు కింద పెట్టుకోమంది, పులుసు ఒలుకుతుందని.

అందుకని ఇప్పుడు ఉత్తరంలో కాకుండా, నలుగురూ చదివే చోట అడుగుతున్నాను. బోర్డు మీద మా అక్క పేరు వెయ్యనక్కర్లేదు. కాగితం కప్పుల సంగతి వదిలేస్తున్నాను, వెనక గేటు సంగతి కూడా. ఆ దుప్పటి ఇప్పుడు ఎవరి దగ్గరుందో వాళ్ళు దాన్ని ఒక్కసారి వెనక్కి తిప్పండి. మీ ఆడవాళ్ళ ఉత్తరాలు అన్ని దాచారు కదా, వాటిల్లో వెతకండి. ఆ ఇంట్లో వంట చేసినవాళ్ళు, బట్టలుతికినవాళ్ళు, బానిసలుగా అమ్ముడుపోయి వచ్చినవాళ్ళు ఎవరెవరున్నారో చూడండి. వాళ్ళలో ఎడమచేతివాటం మనిషి ఎవరు? పేరు దొరికితే పేరు రాయండి. దొరక్కపోతే, వెతికాం, దొరకలేదు అని రాయండి, అదైనా నేను ఫోనులో మా అక్కకు చదివి వినిపిస్తాను. ఆవిడకింకా చెవులు బాగానే వినబడుతున్నాయి. త్వరగా రాయండి. ధన్యవాదాల అట్టముక్క మాత్రం పంపకండి. అతుకుపని ఎవరిది?